మధ్యలో అందుకునేవాళ్ళు

కొంతమందిని చూస్తుంటాం. మనం ఎవరితోనో ఒక మాట మొదలుపెడతాం. అది ఎదుటి మనిషి చెవిని చేరేలోపే పక్కనున్నవారు మధ్యలో అందుకుంటారు. "అంటే ఆవిడ ఉద్దేశం ఏమిటంటేనండీ..." అని మన మాటకు మనకే అర్థం చెబుతారు. పెళ్ళిచూపుల్లో ఉంటారు వీళ్ళు, బ్యాంకు కౌంటరు దగ్గర ఉంటారు, డాక్టరు గదిలో తప్పనిసరిగా ఉంటారు. పోనీ చెడ్డవాళ్ళా అంటే కాదు. సగంమంది మన మీది ప్రేమతోనే అందుకుంటారు. అందుకే కోప్పడ్డానికి కూడా నోరు రాదు. ఇలా మాటను మధ్యలో అందుకోవడం తప్పా, ఒకవేళ తప్పయితే ఎంత తప్పు, అనే ప్రశ్న ఈమధ్య నన్ను పట్టుకుంది. పట్టుకున్నది నలుగురి మధ్యలో కాదు, ఒక కంప్యూటర్ దగ్గర. ఆ మాట వినగానే పేజీ తిప్పెయ్యకండి. ఇందులో ఉన్నవన్నీ మనిళ్ళ సంగతులే.

మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది. కాలేజీ ల్యాబుల్లో 'సి' భాష నేర్పడానికి మనవైపు చాలాచోట్ల ఇప్పటికీ టర్బో సి అనే సాఫ్ట్‌వేరే వాడుతున్నారు. బోర్లాండ్ కంపెనీ దాన్ని తెచ్చింది 1987లో. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లలు ఈపాటికి బడికెళ్ళే పిల్లల తల్లులై ఉంటారు. అది డాస్ అనే పాతకాలపు ఏర్పాటు మీద నడవడానికి పుట్టింది. ఇప్పటి కంప్యూటర్లకూ దానికీ పొసగదు. అందుకని మధ్యలో డాస్‌బాక్స్ అని ఇంకొకటి పెడతారు. 2002లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఇలాంటివాటిని ఎమ్యులేటర్లంటారు. కొత్త కంప్యూటర్ లోపల కూర్చుని, తానొక పాత కంప్యూటర్‌నని నటించడం వాటి ఉద్యోగం. పాత సాఫ్ట్‌వేర్ ఆ నటన నమ్మి, తన పుట్టింట్లోనే ఉన్నాననుకుని, తన పని తాను చేసుకుపోతుంది.

మనకిది మరీ వింతేమీ కాదు. పరకాయ ప్రవేశం కథలు వింటూ పెరిగినవాళ్ళమే కదా! మండన మిశ్రుడి భార్య ఉభయభారతి అడిగిన ప్రశ్నలకు జవాబులు తెలుసుకోవడానికి శంకరాచార్యులవారు అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించారని కథ. (ఆ మహానుభావుణ్ణి అంతదూరం నడిపించింది ఒక ఇల్లాలి ప్రశ్న అన్నది మనం గుర్తుంచుకోవాలి.) రాజుగారి తీరు మారడం చూసి లోపలున్నది ఎవరా అని మంత్రులకు అనుమానం కూడా వచ్చిందంటారు. ఒళ్ళొకరిది, లోపలి మనిషి ఇంకొకరు. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే పలకవలసింది ఒళ్ళా, లోపలి మనిషా?

ఎమ్యులేటర్లలో వచ్చే చిక్కు సరిగ్గా ఇదే. టర్బో సిలో రాసిన ప్రోగ్రామును నడిపించాలంటే కంట్రోల్, ఎఫ్9 మీటలు కలిపి నొక్కాలి. డాస్‌బాక్స్‌కు కూడా కంట్రోల్, ఎఫ్9 అంటే ఒక అర్థం ఉంది. మూసుకుపొమ్మని! మీట నొక్కగానే ముందు వినేది బయటున్న డాస్‌బాక్స్. తనకు తెలిసిన మాటే కదా అని విన్నది, తలుపులన్నీ వేసేసింది. లోపలున్న టర్బో సికి ఆ మాట అందనే లేదు. లోపలివాళ్ళ భాషలో 'బండి కదిలించు' అన్న మాట బయటివాళ్ళ భాషలో 'దీపం ఆర్పెయ్' అయి కూర్చుంది. రాసింది దాచుకోకుండా నొక్కిన పిల్ల కష్టం గంగలో కలిసినట్టే. దీనికి విరుగుడు లేకపోలేదు. కంట్రోల్, ఎఫ్1 నొక్కితే ఏ మీటకు ఏ పనో చూపించే పట్టిక తెరుచుకుంటుంది, అందులో మార్చుకోవచ్చు. కానీ అంత గొడవెందుకని "ఎఫ్9 జోలికి పోకండే, మెనూలోకి వెళ్ళి రన్ నొక్కండి" అని సీనియర్లు జూనియర్లకు చెప్పుకుంటారట. మామగారు నిద్రపోతుంటే వెనక గుమ్మంలోంచి వెళ్ళమని కొత్తకోడలికి తోడికోడలు చెప్పినట్టు.

ఇది నాకు మేనకోడలు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. నవ్వులాట కానిది ఆ తర్వాత వచ్చింది.

మా హుజూర్‌నగర్‌లో డీటీపీ సెంటర్ నడిపే అక్క ఒకావిడ ఉంది. చుట్టరికం లేదు, పిలుపే అక్క. నా నవలల్లో మూడింటిని ఆవిడే కంపోజ్ చేసింది. నా చేతిరాతను చదవగలిగిన అతికొద్దిమందిలో ఆవిడ ఒకర్తె. పెళ్ళికార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, మట్టపల్లి నరసింహస్వామి కల్యాణం కరపత్రాలు, మేళ్ళచెరువు శివరాత్రి జాతర పోస్టర్లు, అన్నీ ఆవిడ వేళ్ళ కిందనుంచి పోయినవే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరూ హయ్యరూ ప్యాసై, ఆ వేళ్ళతోనే కంప్యూటర్‌కు వచ్చింది. 2016 దసరానాడు కొత్త జిల్లాలు ఏర్పడి మేము నల్లగొండ జిల్లాలోంచి సూర్యాపేట జిల్లాలోకి మారినప్పుడు, దాచుకున్న నమూనా కార్డులన్నింటిలో జిల్లా పేరు ఒక్కర్తీ కూర్చుని మార్చింది. ఎన్ని వందలో నేను లెక్కపెట్టలేదు గానీ ఆ వారం ఆవిడ టీ తాగడం కూడా నిలబడే తాగింది.

ఆవిడ పనిముట్టు పేజ్‌మేకర్. ఆల్డస్ అనే కంపెనీ 1985లో దాన్ని తెచ్చింది. ఎప్పుడో అయిదువందల ఏళ్ళ కిందట వెనిస్ నగరంలో పుస్తకాలు అచ్చువేసిన ఆల్డస్ మనూషియస్ పేరు పెట్టుకున్నారు వాళ్ళు. 1994లో ఆ కంపెనీ అడోబీలో కలిసిపోయింది. 2001లో వచ్చిన 7.0 ఆఖరిది. 2004లో ఇక దాన్ని పెంచబోమని చెప్పేశారు. పేజ్‌మేకరూ అను ఫాంట్లూ మన తెలుగు డీటీపీవాళ్ళకు కత్తిపీటా ముక్కాలిపీటా లాంటివి. ఒకదాన్ని విడదీసి ఇంకొకటి తలుచుకోలేరు. కన్నవాళ్ళు వదిలేసినా మనవాళ్ళు దాన్ని పెంచుకుంటూనే ఉన్నారు.

అక్క పాత కంప్యూటర్ ఒకరోజు ప్రాణం వదిలింది. కొత్తది కొన్నది. ఆవిడ దగ్గరున్న పాత సరంజామా దాని మీద నిలబడలేదు. అప్పుడు మా మేనకోడలు పూనుకుని కొత్త కంప్యూటర్ లోపల ఇంకొక కంప్యూటర్‌ను సృష్టించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టింది. లోపల పాత విండోస్ ఎక్స్‌పీ, అందులో పేజ్‌మేకర్, అందులో తెలుగు. మడతకాజాలా పొర లోపల పొర. అక్క తెర చూసి, "నా ఇల్లు నాకొచ్చిందే!" అంది. ఆ సంబరం రెండు రోజులు.

మూడోనాటి నుంచి మీటలు మాట వినడం మానేశాయి. మానేశాయి అనడం కూడా సరికాదు, సగం వింటాయి, సగం వినవు. కంట్రోల్, పి నొక్కితే ప్రింటుకు పోతోంది. కంట్రోల్, ఎం నొక్కితే పేరాగ్రాఫుల కొలతలు వస్తున్నాయి. అదే కంట్రోల్, ఎస్ నొక్కి పని దాచుకుందామంటే, దాచుకోదు సరికదా, ఏదో సెట్టింగుల కిటికీ తెరుచుకుంటోంది. అక్షరాల సైజు మార్చడానికి కంట్రోల్, టి నొక్కితే, ఇప్పటి స్థితిని భద్రం చేస్తాను, దానికేం పేరు పెట్టమంటావు అని అడుగుతోంది. కాపీ చెయ్యడానికి సి నొక్కితే పైనున్న మెనూ మొత్తం మాయమై తెర బొమ్మలాగా అయిపోతోంది. ఫొటో తెచ్చి పేజీలో పెట్టడానికి డి నొక్కితే ఏదో సీడీ పెట్టబోతోంది.

మేనకోడల్ని పిలిస్తే వచ్చి, కుర్చీలో కూర్చుని, ఎస్ నొక్కింది. దాచుకుంది. టి నొక్కింది. అక్షరాల సైజు వచ్చింది. "నేను నొక్కితే వస్తుంది గదా పెద్దమ్మా!" అంది. నిజమే, వస్తోంది. ఆ పిల్ల లేచి అటు వెళ్ళగానే మళ్ళీ మొదలు.

పదిహేను రోజులు ఇదే తంతు. వైశాఖ మాసం పెళ్ళిళ్ళు నెత్తిమీదున్నాయి. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నా వేళ్ళే మొద్దుబారినయి చెల్లె. ముప్పై ఏళ్ళు కొట్టిన, చాలు. షాపు ఎవరికన్న ఇచ్చేస్త" అంది. బాధగా కూడా అనలేదు, పొయ్యి మీద పాలు విరిగాయి అన్నంత మామూలుగా అంది. నాకు గుండె జారిపోయింది.

ఆ ఆదివారం మా మేనకోడలు ఒక పని చేసింది. నా దృష్టిలో ఈ కథంతటికీ గొప్ప పని అదే. కంప్యూటర్ వంక చూడడం మానేసి, అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆవిడ చేతుల వంక చూసింది. పెళ్ళికార్డు ఒకటి మొదటినుంచి చివరిదాకా చెయ్యమని, తను నోరు విప్పకుండా చూసింది.

విషయం బయటపడింది. టైపు నేర్పే మాస్టర్లు మొదటి నెలలోనే చెప్పే పాఠం ఒకటుంది. ఎడమచేతి అక్షరానికి షిఫ్టు నొక్కాలంటే కుడిచేతివైపు షిఫ్టు వాడాలి, కుడిచేతి అక్షరానికి ఎడమవైపుది. ఒక్క చెయ్యే రెండు పనులూ చెయ్యకూడదు. అక్క ఆ పాఠాన్ని కంట్రోల్ మీటకు కూడా తెచ్చుకుంది. ఎస్, డి, టి, సి అక్షరాలన్నీ ఎడమచేతివైపువి. వాటికి ఆవిడ కుడివైపు కంట్రోల్ నొక్కుతుంది. పి, ఎం కుడిచేతివైపువి. వాటికి ఎడమ కంట్రోల్. ఈ కొత్త ఏర్పాటులో కుడివైపు కంట్రోల్ మీటను బయటి కంప్యూటర్ తన సొంతానికి అట్టేపెట్టుకుంది. ఆ మీట నొక్కి ఏ అక్షరం నొక్కినా అది బయటి సాఫ్ట్‌వేర్‌తో చెప్పిన మాట అవుతుంది, లోపలికి చేరదు. మేనకోడలు టైపు నేర్చుకోలేదు. ఈకాలం పిల్లలందరిలాగే అన్నింటికీ ఎడమ కంట్రోలే నొక్కుతుంది. అందుకే ఆ పిల్లకు అన్నీ పనిచేశాయి. పద్ధతిగా నేర్చుకున్న మనిషికే పని ఆగింది!

ఇందులో ఎవరిని తప్పు పట్టగలం? బయటి సాఫ్ట్‌వేర్ తనకొక మీట ఉంచుకుంది, అది దాని హక్కు. లోపలి పేజ్‌మేకర్ ఏ మాటా కాదనలేదు, దానికి అందిందల్లా చేసింది. అక్క సరిగ్గా నొక్కింది. మేనకోడలు నిజమే చెప్పింది. నలుగురూ నిర్దోషులే, ఒక మనిషి మాత్రం తన వేళ్ళు చచ్చుబడ్డాయని నమ్మి, బతుకుతెరువు వదులుకోబోయింది.

నేను డిగ్రీలో ఫిలాసఫీ కొంత చదివాను. గిల్బర్ట్ రైల్ అని ఒక ఇంగ్లీషు తత్వవేత్త. 1949లో అచ్చయిన తన పుస్తకంలో, ఒక సంగతి తెలియడం వేరు, ఒక పని ఎలా చెయ్యాలో తెలియడం వేరు అని వాదించాడు. రెండోదాన్ని మొదటిదానిలోకి కుదించలేం అంటాడు. అప్పట్లో పరీక్షకోసం బట్టీపట్టాను. ఇప్పుడు కళ్ళారా చూశాను. "అక్కా, మీరు ఏ కంట్రోల్ నొక్కుతున్నారు?" అని ఎవరైనా అడిగి ఉంటే ఆవిడ చెప్పలేకపోయేది. "కంట్రోలే నొక్కుతున్న" అనేది. పచ్చడిలో ఉప్పెంత వేశారని అడిగితే మనం చెప్పగలమా? చెయ్యి వేస్తుంది, మనం చూస్తుంటాం. ఆ తెలివి ఉన్నది చేతిలో. నోటిని అడిగితే దొరకదు. అందుకని ఎంత ప్రేమగా అడిగినా లాభం లేకపోయేది, చూడవలసిందే. (మనసు అంటే ఒంటి అనే యంత్రంలో కూర్చున్న దయ్యం కాదు అని ఎగతాళి చేసింది కూడా ఈ రైలే. యంత్రం లోపల యంత్రాన్ని కూర్చోబెట్టే ఈ ఏర్పాటు చూస్తే ఏమనేవాడో!)

ఇప్పుడు మనుషుల సంగతికి వస్తాను. మా వీధి చివరింట్లో ఒక పెద్దమ్మ ఉంది. ఎనభై దాటాయి. ఊళ్ళో పొలం కౌలుకిచ్చి, కొడుకింటికి వచ్చింది. గది ఇచ్చారు, మంచం, ఫ్యాను, గోడకు టీవీ. కొడుకూ కోడలూ బంగారం లాంటివాళ్ళు. ఎవరైనా వచ్చి "ఎట్లున్నవ్ పెద్దమ్మా?" అంటే, "బాగనే ఉన్నది, షుగరు కూడ కంట్రోల్‌లనే ఉన్నది" అని కోడలు చెబుతుంది. డాక్టరు పెద్దమ్మ ముఖంలోకే చూసి "నిద్ర పడుతుందా అమ్మా?" అంటే, "పడుతుంది సార్" అని కొడుకు అంటాడు. రాత్రి మూడింటికి లేచి మంచంమీద కూర్చునే మనిషి ఆవిడ. ఒకరోజు వాకిట్లో నాతో అంది, "నా మాట సరిగ వస్తలేదో ఏమో బిడ్డా. నేను చెప్పేది ఎవరికీ ఎక్కుతలేదు" అని. ఆవిడ మాట కంచుగంట. అయినా తన గొంతునే అనుమానించుకుంటోంది. అక్క తన వేళ్ళను అనుమానించుకున్నట్టే.

మధ్యలో అందుకోవడంలో అసలు కీడు ఇక్కడుందని నాకు తోస్తోంది. సాటివాళ్ళ మధ్య అయితే అది ఉత్త మర్యాద తక్కువ. నా మాట నా స్నేహితురాలు అందుకుంటే "ఉండవే, నన్ను చెప్పనీ" అంటాను, అయిపోతుంది. కానీ మన ఇంట్లో, మన నీడన ఉన్న మనిషికి బయటికి వేరే దారి లేదు. ఆవిడ మాటలన్నీ మన గుమ్మంలోంచే పోవాలి. ఎమ్యులేటర్ లోపలున్న సాఫ్ట్‌వేర్‌కు ప్రతి మీటా బయటివాళ్ళ చేతి మీదుగా తప్ప అందనట్టు. అలాంటి చోట మనం మధ్యలో అందుకున్న మాట ఏమైందో చెప్పినవాళ్ళకు కనబడదు. అందుకున్నవాళ్ళు కనబడితే కోపమైనా వస్తుంది. కనబడకపోతే, లోపం తనలోనే ఉందనుకుంటుంది మనిషి. గది ఇచ్చాం, తిండి పెడుతున్నాం అన్నది నిజమే కావచ్చు. కానీ తలుపులన్నీ మనవైనప్పుడు, చోటిచ్చినంత మాత్రాన మన బాధ్యత తీరదు. పెరుగుతుంది కూడా.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. మా మేనకోడలే మొదట్లో అంది, "ఎందుకత్తా ఈ తంటాలు, ఆమెకే కొత్తది నేర్పిస్తే అయిపాయె గదా" అని. తీసిపారేసే మాట కాదు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలారు. ఆ తర్వాత ఎడమ కాలువ కింద మా వైపు మెట్టపొలాలు మాగాణి అయ్యాయి. జొన్నకు అలవాటుపడ్డ చేతులు నాట్లు వెయ్యడం నేర్చుకున్నాయి. వాళ్ళను ఎవరూ జాలిపడి పాత సేద్యంలో ఉంచలేదు, ఉంచమని వాళ్ళూ అడగలేదు. కానీ నేర్చుకున్నందుకు వాళ్ళ గాదె నిండింది. అక్క కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే వచ్చేది అదే పెళ్ళికార్డు, అదే డబ్బు. పైగా నేర్చుకునే ఆర్నెల్లూ పని సగం. నేర్చుకోమనడం తప్పు కాదు. ఎవరి లాభానికి ఎవరు నేర్చుకోవాలి అన్నది అడగాలి.

అలాగని పాత అలవాటు ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోవాలా? అది నేనొప్పుకోను. మిక్సీ ఇంట్లో ఉండగా రోటిపచ్చడే కావాలనే మామగార్లను చూశాం. రుబ్బేది ఎవరు? కోడలు. అక్కడ ఆయన అలవాటుకు ఖరీదు కట్టేది ఇంకొకరి భుజాలు. అక్క అలవాటుకు ఖరీదు కట్టేది ఒక యంత్రం. దానికి నొప్పి లేదు. యంత్రం సర్దుకోగలిగిన చోట మనిషిని సర్దుకోమనడం ఎందుకు? ఒక మనిషి అలవాటు కోసం ఇంకో మనిషి అరిగిపోవలసిన చోట, ఆ అలవాటు ఎంత పాతదైనా, ఎంత రుచైనదైనా, నాకు గౌరవం లేదు. ఈ రెండింటినీ ఒక్క గాటన కట్టి 'పెద్దల పద్ధతులు' అనేస్తుంటారు. వేరువేరు సంగతులవి.

నాలాంటి రచయితల్లో కూడా ఈ పట్టుదల ఉన్నవాళ్ళున్నారు. అమెరికా నవలాకారుడు జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ తన పెద్దపెద్ద నవలలు వర్డ్‌స్టార్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, ఇంటర్నెట్ లేని ఒక డాస్ కంప్యూటర్ మీద రాస్తానని 2014లో టీవీలో చెప్పాడు. కెనడా రచయిత రాబర్ట్ జె. సాయర్‌ది కూడా వర్డ్‌స్టారే. కాకపోతే ఆయన దాన్ని ఎమ్యులేటర్‌లో నడుపుకుంటాడు. 2024లో దాని ఆఖరి రూపాన్ని ఎమ్యులేటర్లతో సహా మూటకట్టి అందరికీ పంచిపెట్టాడు. మొదటిది వేరుకాపురం, రెండోది ఉమ్మడి కాపురం. వర్డ్‌స్టార్ 1978 నాటిది. అందులో కంట్రోల్‌తో పాటు ఇ నొక్కితే పైకి, ఎక్స్ నొక్కితే కిందికి, ఎస్ ఎడమకు, డి కుడికి. చెయ్యి కదల్చకుండా ముగ్గులో చుక్కలు పెట్టినట్టు తిరగొచ్చు. ఆ రోజుల్లో చాలా మీటల పలకల మీద కంట్రోల్ మీట ఎ అక్షరం పక్కనే ఉండేది. తర్వాత అక్కడికి క్యాప్స్ లాక్ వచ్చి కూర్చుంది. అందుకని వర్డ్‌స్టార్ అభిమానులు ఆ రెండు మీటల పనులూ అటూ ఇటూ మార్చుకుంటారు. ఉమ్మడి కాపురంలో సర్దుబాట్లు తప్పవు మరి.

సర్దుబాటు రెండువైపులా ఉండాలన్నది కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. కుడి కంట్రోల్ అక్కకు తిరిగి ఇచ్చేద్దాం, సరే. బయటి కంప్యూటర్ అసలేమీ ఉంచుకోకపోతే? పనికిరాదు. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి రావడానికి మీట ఒకటి ఉండితీరాలి. కొన్ని మాటలు ఇంటిపెద్దే వినాలి కూడా. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే విండోస్ దాన్ని ఎవరికీ అప్పగించదు, తానే వింటుంది. దొంగ సాఫ్ట్‌వేర్లు మధ్యలో దూరి పాస్‌వర్డు కాజెయ్యకుండా పెట్టుకున్న కట్టుబాటు అది. ఇంట్లో గ్యాసు వాసన వస్తే, అత్తగారు పూజలో ఉన్నారని ఆగం కదా!

మరైతే ఏ మీట ఉంచుకోవాలి? మా మేనకోడలు చేసిన న్యాయం నాకు నచ్చింది. ఆ ఆదివారం చూసినంతసేపూ అక్క ముట్టుకోని మీటలేవో ఒక కాగితం మీద రాసుకుంది. అందులోంచి స్క్రోల్ లాక్ ఏరింది. పలకమీద పై వరసలో కుడివైపు, ఎవరికీ పనిలేకుండా కూర్చుని ఉంటుందది. సెట్టింగుల్లోకి వెళ్ళి, కుడి కంట్రోల్ బదులు దాన్ని బయటి కంప్యూటర్‌కు కేటాయించింది. రెండు నిమిషాల పని. అక్క వచ్చి కూర్చుని కంట్రోల్, ఎస్ నొక్కింది. దాచుకుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ దాచుకుంది. ఏమీ మార్చకుండానే పది పన్నెండుసార్లు దాచుకుని ఉంటుంది. "అయితే నా వేళ్ళకేం కాలే!" అంది. ఆ తర్వాత లేచి మొహం కడుక్కుని వచ్చింది.

ఆ పిల్ల చేసింది సాఫ్ట్‌వేర్ మరమ్మతు కాదని నాకనిపిస్తుంది. ఈ లెక్క తెలియాలంటే పెద్దావిడ ఏం వాడుతుందో, ఏం వాడదో పక్కన కూర్చుని చూడాలి. మనం సాధారణంగా మనకు సులువైన మీటను ఉంచుకుని మిగిలినవి పెద్దవాళ్ళకు వదులుతాం. వంటింట్లో చూడండి, ఎత్తు అరలో పెట్టిన డబ్బాలు ఎవరివో, అందే అరలో పెట్టినవి ఎవరివో.

ఈ మధ్య అక్క ఇంకో మాట ఎత్తింది. ముప్పై ఏళ్ళ పని అంతా పాత ఫాంట్లలో ఉంది. ఆ అక్షరాలను యథాతథంగా వాట్సాప్‌లో పంపితే ఇంగ్లీషు అక్షరాల చెత్త కుప్పలా కనబడతాయి. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. కొత్తవన్నీ అందులోనే ఉండాలి. ఆ సంగతి ఆవిడకు మనకంటే బాగా తెలుసు. పుస్తకాలు, ఊరి దేవస్థానాల సావనీర్లు, చనిపోయినవాళ్ళ జ్ఞాపిక సంచికలు తన తర్వాత ఎవరూ చదవలేకుండా పోకూడదని ఆవిడ భయం. "పగలు నా లెక్క నేను చేసుకుంట, పొద్దుగూకినంక నువ్వు నాకు కొత్తది చెప్పు" అని మేనకోడలితో ఒప్పందం చేసుకుంది. మొదట యూనికోడ్‌లోకి మార్చిన ఫైలు నా నవల కాదు. వాళ్ళమ్మగారి పెద్దకర్మ కార్డు.

అక్క లేనప్పుడు షాపులో కూర్చునే కుర్రాడు స్క్రోల్ లాక్ ఏదో మరిచిపోయి వెతుక్కుంటున్నాడని, ఆ మీట మీద ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించింది. చెమటకు ఊడిపోతుంటే నెలకొకసారి కొత్తది మారుస్తోంది.